పాలసీని వెనక పేజీ నుంచి చదవండి

టికెట్లు వచ్చేశాయి. వీసా చేతికందింది. ఆవకాయ ఏ పెట్టెలో పెట్టాలి, కారప్పొడులు ఎందులో సర్దాలి, ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకుండా ఎలా చూసుకోవాలి అని ఇంట్లో వారం రోజులుగా చర్చ నడుస్తోంది. మరి ఇన్సూరెన్సు సంగతేమిటి? "ఏజెంటు ఏదో ఇచ్చాడండీ" అంటారు. లేదంటే "అబ్బాయి ఆన్‌లైన్‌లో తీసేసుకున్నాడు" అంటారు. అక్కడితో ఆ మాట ముగిసిపోతుంది. ఆ పాలసీలో ఏముందో ఇంట్లో ఒక్కరైనా చదివారా? అమ్మకున్న షుగరుకు, నాన్నగారికి వేసిన స్టెంటుకు అది పనికొస్తుందో లేదో ఎవరికైనా తెలుసా?

కూతురి పురుటికో, మనవణ్ణి చూసుకోవడానికో అమెరికా వెళ్తున్న అమ్మానాన్నల కోసం, వాళ్లను పిలిపించుకుంటున్న పిల్లల కోసం ఈ అధ్యాయం. ఇందులో నేను చెప్పబోయే ముఖ్యమైన మాట ఒక్కటే. బ్రోచరు ముందు నుంచి చదివితే అన్నీ ఇస్తామన్నట్టే ఉంటుంది. మీరు వెనక నుంచి, అంటే 'వర్తించనివి' అన్న భాగం నుంచి మొదలుపెట్టండి. ఏవి రావో తెలిశాకే ఏవి వస్తాయో తేలుతుంది.

ఇక్కడి కార్డులు అక్కడ ఎందుకు పనిచేయవు?

ఆరోగ్యశ్రీ కార్డు విదేశాల్లో చెల్లదు. ఇక్కడ ఏళ్ల తరబడి కడుతున్న మామూలు మెడిక్లెయిమ్ కూడా సాధారణంగా మన దేశంలోని ఆస్పత్రులకే పరిమితం. పిల్లలకు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో తల్లిదండ్రుల్ని చేర్చుకునే వీలు అమెరికాలో దాదాపు ఉండదు. అక్కడి పెద్దలకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ సందర్శకులకు రాదు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు 65 ఏళ్లు నిండి, వరుసగా 5 ఏళ్లు ఆ దేశంలో ఉంటే తప్ప డబ్బు కట్టి కూడా మెడికేర్‌లో చేరలేరు.

ఖర్చు ఎంతుంటుందంటారా? మూడు రోజులు ఆస్పత్రిలో ఉంటే సగటున 30,000 డాలర్ల దాకా అవుతుందని, కాలు విరిగితే 7,500 డాలర్ల వరకు కావచ్చని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటే ప్రజలకు చెబుతోంది. భయపెట్టాలని ఈ అంకెలు చెప్పడం లేదు. ప్రీమియంలో ఆదా చేసే నాలుగైదు వేల రూపాయలను ఏ మొత్తం పక్కన పెట్టి చూడాలో తెలియాలని చెబుతున్నాను.

వీసాకు సరిపోతే చాలా?

చాలదు. వీసా నియమం చెప్పేది కనీసం ఎంత ఉండాలన్నదే.

యూరప్ షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అది 29 షెంజెన్ దేశాల్లోనూ చెల్లాలి, స్వదేశానికి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల బీమా, అక్కడ దిగిన రోజు నుంచి కనీసం ఏడాది పాటు ఉండాలి. అమెరికా సందర్శక వీసాకు మాత్రం బీమా తప్పనిసరి కాదు. అడిగేవారు లేరు కాబట్టి కొనకుండా వెళ్లేవారూ ఉన్నారు. ఖర్చు ఎక్కువయ్యే దేశంలోనే అడిగేవారు లేకపోవడం గమనించండి. బ్రిటన్‌లో అత్యవసర విభాగంలో చూపించుకోవడం ఉచితమే. కానీ ఆస్పత్రిలో చేర్చుకుంటే, ఆరు నెలల లోపు సందర్శనకు వెళ్లినవారి నుంచి సాధారణంగా అక్కడి ప్రామాణిక ధరకు 150 శాతం వసూలు చేస్తారు.

కాబట్టి "వీసాకు ఏది చాలు?" అని అడగడం ఆపి, "మా వయసుకు, మా జబ్బులకు, మేం ఉండే రోజులకు ఏది చాలు?" అని అడగండి.

పాలసీలో చూడాల్సిన ఏడు విషయాలు

1. పాత జబ్బుల మాట. అన్నిటికంటే ముందు చదవాల్సింది ఇదే. బీపీ, షుగరు, గుండె జబ్బు, థైరాయిడ్, ఆస్తమా, ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు అన్నీ 'ముందునుంచే ఉన్న జబ్బులు' కిందకు వస్తాయి. వాటికి మామూలు చికిత్స ఏ సందర్శక పాలసీలోనూ దాదాపు రాదు. చాలా అమెరికన్ ప్లాన్లు ఇచ్చేది 'అక్యూట్ ఆన్‌సెట్' కవర్. అంటే పాత జబ్బే అయినా, ఏ ముందస్తు సూచనా లేకుండా హఠాత్తుగా తిరగబెట్టి, వెంటనే వైద్యం అవసరమైతే ఇస్తారు. సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకు వెళ్లాలన్న షరతు ఉంటుంది. మన దేశపు పాలసీలు కొన్ని పాత జబ్బులకు ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. కొన్ని అసలే ఇవ్వవు.

రెండు సందర్భాలు చూడండి. బీపీ ఉన్న నాన్నగారికి రాత్రి పన్నెండింటికి ఉన్నట్టుండి గుండెలో నొప్పి వచ్చింది. అరగంటలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అక్యూట్ ఆన్‌సెట్ ఉన్న ప్లాన్‌లో ఇది నిలబడే క్లెయిమ్. మరో ఇంట్లో అమ్మకు వారం రోజులుగా షుగరు పెరుగుతూ, కాలి పుండు పెద్దదవుతూ వచ్చింది. "పిల్లాడికి ఆఫీసు పని ఎక్కువగా ఉంది, ఇబ్బంది పెట్టడం ఎందుకు" అని ఆవిడ పైకి చెప్పలేదు. ఎనిమిదో రోజున ఆస్పత్రికి వెళ్తే అది హఠాత్తుగా వచ్చింది కాదని క్లెయిమ్ కొట్టేసే అవకాశమే ఎక్కువ.

మన పెద్దవాళ్లు పిల్లల ఇంట్లో నొప్పి దాచుకుంటారు. ప్రేమతోనే దాచుకుంటారు. కానీ ఆ ఆలస్యం ఆరోగ్యానికీ చేటు, పాలసీకీ చేటు. అమ్మా, నాన్నా, నలతగా అనిపించిన రోజే చెప్పేయండి. పిల్లలకు మీరు చేయగల పెద్ద సాయం అదే.

2. మీ వయసుకు వర్తించే మొత్తం. పెద్ద అక్షరాల్లో ఉన్న 5 లక్షల డాలర్లు చూసి సంతోషపడకండి. చాలా ప్లాన్లలో 70 దాటితే ఒకసారి, 80 దాటితే మరోసారి గరిష్ఠ మొత్తం తగ్గిపోతుంది. అక్యూట్ ఆన్‌సెట్ కవరు కూడా వయసుతో తగ్గడమో, పూర్తిగా ఆగిపోవడమో జరుగుతుంది. మన దేశపు పాలసీల్లో కొన్ని 60 దాటినవారికి గది అద్దెకు ఇంత, సర్జన్ ఫీజుకు ఇంత అని లోపలి పరిమితులు పెడతాయి. వాటినే సబ్‌లిమిట్లు అంటారు. ఏజెంటును సూటిగా అడగండి: "నాన్నగారికి 72 ఏళ్లు. ఆ వయసుకు మొత్తం ఎంత? సబ్‌లిమిట్లు ఉన్నాయా? పాత జబ్బుకు ఎంత?" సమాధానం నోటిమాటగా కాకుండా మెయిల్‌లో తీసుకోండి.

3. ఫిక్స్‌డా, కాంప్రహెన్సివా? ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఒక్కో సేవకు ఇంతని ముందే రాసి ఉంటుంది. బిల్లు ఎంతైనా ఆ అంకె దాటి ఇవ్వరు. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో మీ వాటా పోగా మిగతాది గరిష్ఠ మొత్తం వరకు ఇస్తారు.

లెక్క కోసం 20,000 డాలర్ల బిల్లు అనుకుందాం. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో గదికి రోజుకు 1,500 చొప్పున మూడు రోజులకు 4,500, ఆపరేషన్‌కు 3,000, పరీక్షలకు 500 రాసి ఉంటే వచ్చేది 8,000. మిగిలిన 12,000 మీ చేతి నుంచే. అదే కాంప్రహెన్సివ్‌లో డిడక్టిబుల్ 250, తర్వాతి 5,000లో మీ వాటా 20 శాతం, ఆపైన అంతా కంపెనీదే అనుకుంటే మీరు కట్టేది 250, దానికి 1,000 కలిపితే 1,250 మాత్రమే. ఫిక్స్‌డ్ ప్లాన్ చవగ్గా దొరకడానికి కారణం ఇప్పుడు తెలిసింది కదా?

4. డిడక్టిబుల్. కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మీరు భరించాల్సిన మొత్తం ఇది. ఇది పెరిగితే ప్రీమియం తగ్గుతుంది. అయితే మొత్తం పాలసీ కాలానికి ఒక్కసారే కట్టాలా, ప్రతి జబ్బుకూ విడివిడిగా కట్టాలా అన్నది తప్పకుండా చూడండి. ఆస్పత్రిలో చేర్చుకోకుండా ఎమర్జెన్సీ నుంచే పంపేస్తే అదనంగా కొంత కట్టాలన్న నియమం కూడా చాలా ప్లాన్లలో ఉంటుంది.

5. నెట్‌వర్క్, బిల్లు కట్టే తీరు. మీ పిల్లలు ఉండే ఊళ్లో ఏ ఆస్పత్రులు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నాయి? డల్లాస్‌లో ఉండేవారికి న్యూజెర్సీ ఆస్పత్రుల జాబితాతో పనిలేదు. కంపెనీ ఆస్పత్రికి నేరుగా కడుతుందా, మీరు కట్టి తర్వాత తెచ్చుకోవాలా? నెట్‌వర్క్‌లో ఉన్నా, సందర్శకుల బీమా కార్డు చూసి ముందు మీరే కట్టండి అనే క్లినిక్కులు ఉంటాయి. అందుకే పిల్లల క్రెడిట్ కార్డులో కొంత వెసులుబాటు ఉంచుకోమనండి.

6. అంబులెన్సు, తరలింపు, చివరి ప్రయాణం. అమెరికాలో 911కు ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సుకు కూడా విడిగా బిల్లు వస్తుంది. అది కవర్ అవుతుందా? దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికి విమానంలో తరలించాల్సి వస్తే? డాక్టరు తోడుతో ఇండియాకు పంపాల్సి వస్తే? జరగరానిది జరిగితే భౌతికకాయాన్ని స్వస్థలానికి చేర్చే ఖర్చు ఉందా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మనసు ఒప్పదు. "శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలెందుకు" అంటారు. అడగండి. అలాంటి సమయంలో అంత డబ్బు కూడబెట్టలేక విరాళాల కోసం పిలుపునివ్వాల్సి వచ్చిన కుటుంబాలు ప్రవాసాంధ్రుల్లో ఎన్నో ఉన్నాయి. ముందే ఒక్క వాక్యం చదివి ఉంటే ఆ భారం పిల్లల మీద పడదు.

7. రోజుల లెక్క. మీరు ఇంట్లోంచి బయల్దేరిన రోజు నుంచి తిరిగి ఇల్లు చేరే రోజు వరకు పాలసీ ఉండాలి. దారిలో దోహాలోనో దుబాయ్‌లోనో ఆగితే అక్కడా చెల్లుతుందా చూడండి. అక్కడ ఉండే గడువు పెంచుకునే ఆలోచన ఉంటే, పాలసీ ముగియకముందే దాన్నే పొడిగించుకోండి. ముగిశాక కొత్తది కొంటే, పాత పాలసీ కాలంలో వచ్చిన జబ్బు కొత్త పాలసీకి 'ముందునుంచే ఉన్న జబ్బు' అయిపోతుంది.

ఇవి రావని ముందే మనసు సిద్ధం చేసుకోండి

నెల నెలా వాడే మందులు, మామూలు చెకప్‌లు, కళ్లద్దాలు, పళ్లు కట్టించుకోవడం, మోకాలి మార్పిడిలాంటి ఆగి చేయించుకోగల ఆపరేషన్లు సాధారణంగా ఏ సందర్శక పాలసీలోనూ రావు. పంటికి హఠాత్తుగా నొప్పి వచ్చినా, దెబ్బ తగిలినా మాత్రం కొంత పరిమితితో కొన్ని ఇస్తాయి. కాబట్టి వెళ్లే ముందే పంటి డాక్టరుకు, కంటి డాక్టరుకు చూపించుకోండి. ఉండే రోజులన్నిటికీ సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలో పెట్టుకోండి. ప్రిస్క్రిప్షన్‌లో జనరిక్ పేర్లు రాయించుకోవడం మరవకండి. ఇక్కడి బ్రాండు పేరు అక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు.

చాలామంది చేసే నాలుగు పొరపాట్లు

జబ్బు దాచడం. "షుగరుందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయకండి" అనే ఏజెంటు మాట వినకండి. ఎమర్జెన్సీలో డాక్టరు మొదట అడిగేదే "ఎన్నేళ్లుగా షుగరు?" అని. మీరు నిజం చెప్పాలి, చెప్తారు కూడా. అది రికార్డులో ఎక్కుతుంది. ఆ రికార్డే కంపెనీకి వెళ్తుంది. పాలసీ ఫారంలో 'లేదు' అని, ఆస్పత్రి కాగితంలో 'పదేళ్లుగా' అని ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

ఇద్దరికీ ఒకే ప్లాన్. అమ్మకు 61, ఏ జబ్బూ లేదు. నాన్నకు 74, స్టెంటు ఉంది. ఇద్దరికీ ఒకటే ఎందుకు? నాన్నకు పాత జబ్బుల కవరు ఎక్కువున్నది, అమ్మకు మామూలు కాంప్రహెన్సివ్ తీసుకోవచ్చు.

అక్కడికి వెళ్లాక చూద్దామనుకోవడం. దిగాక కూడా కొన్ని ప్లాన్లు కొనుక్కోవచ్చు. కానీ పాలసీ మొదలయ్యే లోపు వచ్చిన జబ్బుకు అది పనికిరాదు.

ప్రతిదానికీ ఎమర్జెన్సీకి పరుగెత్తడం. జ్వరం, దగ్గు, మూత్రంలో మంట, కాలు బెణకడం లాంటివాటికి 'అర్జెంట్ కేర్' క్లినిక్కులు ఉంటాయి. ఖర్చు చాలా తక్కువ. గుండె నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం అయితే మాత్రం ఒక్క నిమిషం ఆలోచించకుండా 911.

ఆ రోజు రానే వస్తే

కంగారు పడకండి. వరుసగా ఇలా చేయండి.

1. ముందు వైద్యం, తర్వాతే పాలసీ. డబ్బుందా లేదా అని చూడకుండా అత్యవసర విభాగంలో పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలని అమెరికాలో 1986 నుంచి చట్టం ఉంది. బీమా లేదన్న భయంతో ఇంట్లో కూర్చోవద్దు. బిల్లు తర్వాత వస్తుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

2. పాస్‌పోర్టు, బీమా కార్డు, మందుల జాబితా వెంట తీసుకెళ్లండి.

3. ఇంగ్లిషు రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని అడగండి. ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. చాలాచోట్ల ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడిస్తారు. నొప్పి ఎక్కడుందో, ఎలా ఉందో మీ మాటల్లో మీరే చెప్పుకోవచ్చు.

4. వీలైనంత త్వరగా, కుదిరితే అదే రోజు, బీమా కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో చేరడానికి, స్కానింగులకు ముందస్తు అనుమతి కావాలనే ప్లాన్లు ఉన్నాయి. మాట్లాడినవారి పేరు, సమయం, రిఫరెన్సు నంబరు రాసుకోండి.

5. బయటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, పరీక్షల రిపోర్టులు, విడివిడిగా రాసిన బిల్లు అడిగి తీసుకోండి. ఆస్పత్రికి ఒక బిల్లు, డాక్టరుకు ఒకటి, రేడియాలజీకి ఒకటి, ల్యాబుకు ఒకటి వస్తుంటాయి. మీరు ఇండియా తిరిగొచ్చాక కూడా పిల్లల చిరునామాకు వస్తూనే ఉండొచ్చు. అన్నీ ఒకే ఫైలులో పెట్టమని చెప్పండి. క్లెయిమ్ గడువు ఎంతో పాలసీలో చూసి, ఆ తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

6. మొదటి బిల్లు చూసి గుండె జారిపోనివ్వకండి. బీమా కంపెనీ లెక్క తేలకముందే అది వచ్చి ఉండొచ్చు. మిగిలిన మొత్తం మరీ భారమైతే ఆస్పత్రి బిల్లింగ్ విభాగాన్ని అడగండి. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఆర్థిక సహాయ విధానం ఒకటి రాతపూర్వకంగా ఉండాలన్నది అక్కడి నిబంధన. వాయిదాలకు, తగ్గింపుకు ఒప్పుకునే ఆస్పత్రులూ ఉన్నాయి. అడగడంలో తప్పేముంది?

క్లెయిమ్ కొట్టేస్తే?

కొట్టేశారంటే అంతా అయిపోయినట్టు కాదు. ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. 'హఠాత్తుగా వచ్చింది' అన్న విషయం మీద పేచీ ఉంటే, వైద్యం చేసిన డాక్టరు నుంచి ఒక లేఖ తీసుకుని అప్పీలు చేయండి. పాలసీ మన దేశపు కంపెనీది అయితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల రూపాయల వరకు క్లెయిములు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అమెరికన్ కంపెనీది అయితే ముందు వారి అప్పీలు విధానం, ఆపైన సంబంధిత రాష్ట్ర బీమా విభాగం ఉన్నాయి.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ఒక గంట చాలు. పిల్లలతో వీడియో కాల్‌లో కూర్చోండి. పాలసీ పీడీఎఫ్ తెరిచి, చివర ఉన్న 'వర్తించనివి' భాగం మొదలుపెట్టి వెనక్కి రండి. ఒక తెల్లకాగితం మీద ఈ ఎనిమిది ప్రశ్నలకు జవాబులు తెలుగులోనే రాసుకోండి.

1. నా జబ్బులు ఏవి? అన్నీ ఫారంలో రాశామా?
2. పాత జబ్బు తిరగబెడితే ఎంత వరకు ఇస్తారు, ఎన్ని గంటల్లో వెళ్లాలి?
3. నా వయసుకు గరిష్ఠ మొత్తం ఎంత?
4. డిడక్టిబుల్ ఎంత, ఎన్నిసార్లు?
5. పిల్లల ఇంటికి దగ్గర్లో నెట్‌వర్క్ ఆస్పత్రి ఏది, అర్జెంట్ కేర్ ఏది?
6. అంబులెన్సు, తరలింపు, భౌతికకాయం ఖర్చులు ఉన్నాయా?
7. పాలసీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? పొడిగింపు ఎలా?
8. సహాయ కేంద్రం నంబరు ఏది?

జవాబు దొరకని ప్రశ్న ఉంటే కంపెనీకే మెయిల్ రాయండి. జవాబు నచ్చకపోతే ప్లాన్ మార్చుకోండి, విమానం ఎక్కేదాకా ఆ వీలు మీ చేతిలోనే ఉంది. అన్నీ తేలాక ఆ కాగితం నకలు ఒకటి పాస్‌పోర్టులో పెట్టుకోండి, ఒకటి అక్కడి ఫ్రిజ్ మీద అంటించమనండి, ఫొటో ఒకటి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

జీవితమంతా పిల్లల ఫీజులు, ఇంటి లోన్లు, పెళ్లి ఖర్చులు లెక్క తప్పకుండా నడిపిన మీకు ఈ కాగితం కష్టమేమీ కాదు. ఒక గంట కూర్చుని చూడండి. ఆ తర్వాత నిశ్చింతగా వెళ్లి మనవళ్లతో ఆడుకోండి.